నోరు తెరిచే వేళ

కుసుమ కువైట్‌కు పోయి పది నెలలైంది. మొగుడు రామాంజులు చనిపోయినాక, మూడేళ్ల కూతురు కళ్యాణిని జమ్మలమడుగులో తల్లి పెంచలమ్మ దగ్గర వదిలి, ఆడ ఒక ఇంట్లో పిల్లాణ్ణి చూసుకునే పనికి కుదిరింది.

మనకు మధ్యాహ్నం ఒంటిగంట అంటే వాళ్లకు పదిన్నర. మేడమ్ కొడుక్కి తినిపించే వేళ. కుసుమ వంటింటి గట్టు మీద చక్కెర డబ్బాకు ఫోను ఆనించి వీడియో కాల్ చేసేది. "ఆ" అని తను నోరు తెరిస్తే ఆ పిల్లాడూ, ఈడ కళ్యాణీ ఒక్కసారే నోరు తెరిచేవాళ్లు. పెంచలమ్మ చప్పున పప్పన్నం ముద్ద పెట్టేసేది. రానురాను అమ్మ ఫోన్లో కనబడందే పాప ముద్ద ముట్టేది కాదు.

ఒకరోజు కుసుమ చూపు ఫోను మీద ఉండగా వేడి గంజి పిల్లాడి మెడ మీద ఒలికింది. పెద్దగా కాలలేదు. అయినా మేడమ్ ఫోను లాక్కుని బీరువాలో పెట్టేసింది. ఇక శుక్రవారం ఒక్కపూటే ఇస్తానంది. పక్కింటి పనామె ఫోన్లోంచి కుసుమ ఆ సంగతి తల్లికి ఒక్క నిమిషంలో చెప్పి పెట్టేసింది.

ఆ పూట నుంచి కళ్యాణి నోరు బిగించింది. పెంచలమ్మ చంకనెత్తుకుని మేకల దగ్గరికి తిప్పింది, బతిమాలింది, విసిగి వీపు మీద ఒకటేసింది. రెండు గుక్కలు పాలు తప్ప ఏదీ దిగలేదు. నాలుగో రోజు పిల్ల ఒళ్లు వేలాడేస్తే ప్రొద్దుటూరులో ఆసుపత్రికి ఎత్తుకుపోయింది. గ్లూకోజు ఎక్కించారు.

పక్క మంచం దగ్గర నౌషీన్ అనే అమ్మాయి తన బిడ్డను పెట్టుకుని ఉంది. ఆమె తన ఫోన్లో ఎలుగుబంటి బొమ్మల వీడియో పెట్టి కళ్యాణి ముందు పట్టుకుంది.

"ఇప్పుడు పెట్టవ్వా, తింటాది."

కళ్యాణి రెప్ప వేయకుండా చూస్తూ నోరు తెరిచింది. ఇడ్లీ మొత్తం అయిపోయింది. పెంచలమ్మకు ఏడుపొచ్చింది. "మా ఫోన్లో కూడా పెట్టియ్యి తల్లీ," అని అడిగింది.

శుక్రవారం కళ్యాణి తింటుండగా కాల్ వచ్చింది. పెంచలమ్మ ఎత్తగానే ఎలుగుబంటి పోయి కుసుమ ముఖం కనబడింది.

"కళ్యాణీ, ఆ అనమ్మా."

పిల్ల ఫోన్ను చేత్తో కొట్టింది. "బొమ్మ కావాల," అని నోట్లోది ఊసేసింది.

"ఏందిమా, బొమ్మంటాంది?" అంది కుసుమ.

పెంచలమ్మ ఆసుపత్రి సంగతి చెప్పింది. "ఇప్పుడు పేచీ లేదులే. గిన్నె ఖాళీ చేస్తాంది," అంది, కూతురికి ధైర్యంగా ఉంటుందని.

పిల్ల ఏడుస్తానే ఉంది.

"బొమ్మే పెట్టుమా. తిననీ," అని కుసుమే కాల్ ఆపేసింది.

తర్వాతి శుక్రవారం నుంచి ఆమె మనకు రెండు దాటినాక చేస్తోంది. అప్పటికి కళ్యాణి తిని నిద్రపోతుంటుంది. లేపొద్దంటుంది కుసుమ. పెంచలమ్మ ఫోను పిల్ల ముఖం వైపు తిప్పి, చెయ్యి లాగేదాకా పట్టుకుంటుంది. కుసుమ నిద్రపోయే బిడ్డనే చూస్తుంటుంది. కుసుమ తిరిగి రావడానికి ఇంకా పద్నాలుగు నెలలుంది.