వచ్చినవాళ్ళు

తొమ్మిదేళ్ళుగా ఇంగ్విల్డ్ పేరు ఆ పుస్తకంలో లేదు. కుక్క పేరు ఉంది.

ఆ మంచుదేశంలో కొండ మీద కొయ్య ఇల్లున్న ప్రతి కుటుంబానికీ అలాంటి పుస్తకం ఒకటి ఉంటుంది. ఈస్టరు సెలవులకు అక్కడికి వెళ్ళినప్పుడు రోజూ సాయంత్రం ఇంటిపెద్ద అందులో నాలుగు ముక్కలు రాస్తాడు. ఎండ కాసిందా, గాలి వీచిందా, మంచు ఎంత లోతుంది, ఎన్ని చేపలు పడ్డాయి, పిల్లలు ఏం చేసి నవ్వించారు. పై వరుసలో ‘వచ్చినవాళ్ళు’ అని రాసి, పక్కన పేర్లు. ఇంగ్విల్డ్ మామగారు ఓస్మున్ యాభై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నాడు. కళ్ళజోడు తగిలించుకుని, కలం మూత తీసి, రాసే ప్రతి మాటా పైకి చదువుతాడు. ‘వచ్చినవాళ్ళు: ఓస్మున్, హల్వర్, తీరిల్, ఎయ్‌విన్, పెల్లె.’ హల్వర్ ఆమె మొగుడు. తీరిల్ కూతురు, ఏడేళ్ళది. ఎయ్‌విన్ కొడుకు, నాలుగేళ్ళవాడు. పెల్లె కుక్క.

అలా చదువుతున్నంతసేపూ ఇంగ్విల్డ్ అక్కడే ఉంటుంది. బల్లకి మూడడుగుల దూరంలో, వాళ్ళకి వీపు పెట్టి గిన్నెలు కడుగుతూ ఉంటుంది. ఆ ఇంట్లో కుళాయి లేదు. సరస్సు మీద గడ్డకట్టిన మంచుకి కన్నం వేసి, బకెట్లతో నీళ్ళు తోడి, గట్టెక్కి మోసుకొచ్చి, కట్టెల పొయ్యి మీద కాచుకోవాలి. కుళాయి పెట్టించడం ఓస్మున్‌కి ఇష్టం లేదు. “నీళ్ళు మోసుకోవడంలోనే ఉందమ్మాయ్ కొండ మీద బతుకు రుచి” అంటాడు. ఆయన బకెట్ ముట్టుకోగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

పెళ్ళైన మూడో ఏట ఒకసారి అడిగింది. అప్పుడు తీరిల్ ఒళ్ళో పిల్ల. “మామయ్యా, నా పేరు కూడా రాయండి.” ఆయన కళ్ళజోడు పైనుంచి చూశాడు. “ఇది ఆనందాల పుస్తకం, అమ్మాయ్. సణుగుడు రాసుకోవాలంటే ఇంకోటి కొనుక్కో.” హల్వర్ పగలబడి నవ్వాడు. తర్వాత మంచం మీద ఆమె భుజం తట్టి ఓదార్చాడు కూడా. “రాస్తే ఏమొస్తుంది నీకు? ‘మేము’ అని రాశాడుగా. ‘మేము’లో నువ్వు లేవూ?” ఆమె ఆ పేజీ మళ్ళీ చూసింది. ‘మేము నలుగురం’ అని ఉంది. పొయ్యిపక్క పడుకున్న పెల్లెతో కలిపితేనే నలుగురు.

హల్వర్ చెడ్డవాడని ఎవరూ అనరు. ఆఫీసులో అతన్ని ఆదర్శ తండ్రి అంటారు. తీరిల్ పుట్టినప్పుడు తండ్రులకిచ్చే సెలవు ఒక్క రోజు వదలకుండా పదిహేను వారాలూ తీసుకున్నాడు. ఆ పదిహేను వారాల్లో తండ్రీకొడుకులిద్దరూ కలిసి కొండ ఇంటికి కొత్త కప్పు వేశారు. ఇంగ్విల్డ్ వృద్ధాశ్రమంలో డ్యూటీకి వెళ్తూ పిల్లని తన తల్లి దగ్గర దింపేది, వస్తూ ఎత్తుకొచ్చేది, రాత్రి లేచి పాలిచ్చేది. ఆ తర్వాత హల్వర్ ఆఫీసులో పిల్లల పెంపకం మీద మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. ఆ మాటలు మళ్ళీ చెబుతూ ఇంట్లో కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె వింటూ అతని చొక్కాలు మడతపెట్టింది. ఈస్టరు వారం సెలవు కావాలంటే ఆమె క్రిస్మస్ మూడు రోజులూ డ్యూటీ చేయాలి. పైఅధికారి ఏటా అదే మాట అంటుంది, “నీకేమమ్మా, వారం రోజులు కొండ మీద కాళ్ళు చాపుకుని కూర్చుంటావు.” మొదట్లో నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. దాన్నీ పొగరన్నారు.

రెండేళ్ళ కిందట జరిగింది మాత్రం ఆమె మరిచిపోలేదు. ఎయ్‌విన్‌కి రెండేళ్ళు. తండ్రీ తాతా మంచుకి కన్నాలు వేసి చేపల కోసం కూర్చున్నారు. పిల్లవాడు వాళ్ళ దగ్గర ఆడుకుంటున్నాడు. నీళ్ళకని బకెట్లతో దిగిన ఇంగ్విల్డ్‌కి వాడు వాగు కలిసే చోటికి, మంచు పలచగా ఉండే వైపు నడిచిపోతూ కనిపించాడు. బకెట్లు పారేసి పరిగెత్తింది. వాడి కింద మంచు పగిలింది, తర్వాత ఆమె కింద పగిలింది. నడుము లోతు నీళ్ళలో నిలబడి వాణ్ణి ఎత్తి గట్టి మంచు మీదకి విసిరింది. కేక విని అప్పుడొచ్చారు మగవాళ్ళు. ఓస్మున్ పిల్లవాణ్ణి కోటులో చుట్టుకుని ఇంటికి పరిగెత్తాడు, హల్వర్ వెంట పరిగెత్తాడు. ఇంగ్విల్డ్ మోచేతుల మీద పాక్కుంటూ పైకొచ్చి, తనంతట తనే నడిచి ఇల్లు చేరింది. తలుపు తీసేసరికి ముగ్గురూ పొయ్యి ముందున్నారు. “తలుపు వెయ్, చలి వస్తోంది” అన్నాడు హల్వర్. ఆ సాయంత్రం పిల్లలు తీపి అట్ల లాంటి వాఫిల్స్ అడిగితే చేసింది. వీపు వెనక ఓస్మున్ చదువుతూ రాశాడు. ‘ఇవాళ ఎయ్‌విన్ తడిశాడు. తాతయ్య పొయ్యి దగ్గర ఆరబెట్టాడు. తర్వాత అందరం నవ్వుకున్నాం. మూడు చేపలు.’ ఆమె ఎడమ కాలి చిటికెన వేలికి ఆ రోజు నుంచి స్పర్శ లేదు.

ఈ ఏడు ఓస్మున్‌కి కంట్లో పొర వచ్చింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయన్నాడు. మంగళవారం సాయంత్రం చేపలు తిని, నారింజలు ఒలుచుకుని అందరూ బల్ల చుట్టూ చేరాక ఆయన పుస్తకాన్ని తీరిల్ ముందుకు జరిపాడు.

“ఇకమీదట నువ్వే రాయాలి. బడికి వెళ్తున్నావుగా.”

తీరిల్ మొహం వెలిగిపోయింది. “నిజంగానా తాతయ్యా? కలంతోనా?”

“కలంతోనే. కొట్టివేతలు మాత్రం కుదరవు.”

ఇంగ్విల్డ్ చేతిలోని గిన్నె నీళ్ళలో వదిలేసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి బల్లవైపు తిరిగి నిలబడింది. ఆ పిల్లకి అక్షరాలు నేర్పింది తనే. డ్యూటీ నుంచి వచ్చి, కూర తరుగుతూ, పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క అక్షరం దిద్దించింది. ఆ పిల్ల మొదట రాయడం నేర్చిన మాట ‘అమ్మ’. ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది. ముసలాయన చేతిలోంచి కలం పోయింది, ఇక నా కూతురు రాస్తుంది అనుకుంది. అంత ఆశపడుతున్నందుకు తనకే సిగ్గేసింది. తడి చేతులు గౌనుకి తుడుచుకుంది. ఒక పేరు, అంతే. సిరా చుక్కంత జాగా. అది పడితే తొమ్మిదేళ్ళ బకెట్లూ, తడి సాక్సులూ, చిటికెన వేలూ అన్నీ సరే అనుకోగలదు. అంత చవకగా ఒప్పుకోవడానికి సిద్ధపడి నిలబడింది.

తీరిల్ నాలుక బయటపెట్టి, తల వంచి చాలాసేపు రాసింది. తర్వాత నిలబడి తాతయ్యలాగే గొంతు సవరించుకుని చదివింది. “వచ్చినవాళ్ళు: తాతయ్య, నాన్న, తీరిల్, ఎయ్‌విన్, పెల్లె. ఎండ. చేపలు ఐదు. వాఫిల్స్ ఎనిమిది, నేను మూడు తిన్నాను.”

“అబ్బో!” అన్నాడు ఓస్మున్.

“అమ్మ?” అంది ఇంగ్విల్డ్. గొంతు మామూలుగానే వచ్చింది.

తీరిల్ తలెత్తింది. పిల్ల మొహంలో మోసం లేదు, కోపం లేదు. లెక్కలో తేలికైన ప్రశ్న అడిగితే చూసినట్టు చూసింది. “నువ్వు వచ్చినట్టు కాదుగా అమ్మా. నువ్వు పని చెయ్యడానికి ఉన్నావు.”

హల్వర్ బల్ల మీద చేత్తో కొట్టి నవ్వాడు. నాన్న నవ్వాడని ఎయ్‌విన్ నవ్వాడు. ఓస్మున్ జేబులోంచి చాక్లెట్ తీసి మనవరాలి చేతిలో పెట్టాడు. “చూశావురా హల్వర్, ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది. రక్తం!”

“చిన్నపిల్ల ఇంగ్విల్డ్, పట్టించుకోకు” అన్నాడు హల్వర్ కళ్ళు తుడుచుకుంటూ. “కాఫీ ఉందా ఇంకా?”

ఉంది. పోసింది.

మరునాడు పొద్దున నలుగురూ కుక్కని వెంటబెట్టుకుని సరస్సు మీదకి వెళ్ళారు. ఇంగ్విల్డ్ రొట్టెకి పిండి కలపలేదు. అరమీద వరసగా ఉన్న పాత పుస్తకాలు దించింది. అత్తగారి పేరు వెతకాలనిపించింది. బోర్గిల్‌ని ఆమె చూడలేదు, తన పెళ్ళికి ఏడాది ముందే పోయింది. ఆవిడ ఫొటో ఒక్కటి కూడా ఆ ఇంట్లో లేదు. ఆవిడ చేతి వాలుకి అరిగిన గరిట ఉంది, ఇంగ్విల్డ్ ఇప్పుడు దానితోనే కలుపుతుంది. ఏడు పుస్తకాలు పేజీ పేజీ తిప్పింది. హల్వర్ మొదటి అడుగు ఉంది, మొదటి చేప ఉంది, ఊడిన పన్ను ఉంది, చచ్చిపోయిన మూడు కుక్కలు ఉన్నాయి. ఒక్కో కుక్కకి నాలుగు వాక్యాలు. బోర్గిల్ లేదు. ఆవిడ పోవడానికి ముందు ఏడాది ‘వచ్చినవాళ్ళు: ఓస్మున్, హల్వర్, ఇద్దరం.’ ఆవిడ చనిపోయిన ఏడాది కూడా ‘ఓస్మున్, హల్వర్, ఇద్దరం.’ మనిషి పోయినా లెక్క తగ్గలేదు.

నాలుగో పుస్తకంలో, హల్వర్‌కి ఎనిమిదేళ్ళప్పుడు, ఒక్కచోట దొరికింది. ‘బోర్గిల్‌కి జబ్బు. రొట్టె లేదు. రెండు రోజులు ముందుగా తిరిగి వెళ్తున్నాం.’ నలభై ఏళ్ళు వండిన మనిషి వండలేకపోయిన రోజునే పుస్తకంలోకి ఎక్కింది.

ఇంగ్విల్డ్ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. పుస్తకాలు ఉన్న వరసలోనే పెట్టింది. తన బట్టలు నాలుగు సంచిలో పెట్టుకుని, మంచు మీద జారడానికి స్కీలు కట్టుకుని, తలుపు దగ్గరగా వేసి దిగింది. దొంగతనంగా వెళ్ళలేదు. దారి సరస్సు పక్కనుంచే. పిల్లలిద్దరూ రెయిండీర్ చర్మం మీద కూర్చుని నారింజ తొనలు ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటున్నారు. ఎండకి బుగ్గలు ఎర్రబడ్డాయి. అంత ముచ్చటైన దృశ్యం ఏ పుస్తకంలోనైనా రాసుకోవచ్చు. ఆమె అటు ఎక్కువసేపు చూడలేదు.

“నేను వెళ్తున్నాను హల్వర్. పిల్లల్ని వాగు వైపు పోనివ్వకు.”

అతను గాలపు తాడు మీదనుంచి కళ్ళు తిప్పలేదు. “కింద కొట్టుకేనా? వెన్న కూడా తీసుకురా. మధ్యాహ్నానికే మూసేస్తారు, త్వరగా వెళ్ళు.”

“జున్ను కూడా!” అరిచాడు ఓస్మున్. “మేకపాలది!”

రోడ్డు దాకా తొమ్మిది కిలోమీటర్లు. ఎడమ కాలి చిటికెన వేలు తప్ప మిగతా ఒళ్ళంతా నొప్పి పుట్టింది. రెండున్నరకి ఊళ్ళో ఇంటికి వెళ్ళే బస్సు ఎక్కింది.

గురువారం ఫోను వచ్చింది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కినట్టున్నాడు, గాలి హోరు వినిపిస్తోంది. “నీకేమైనా బుద్ధుందా? నిన్న సాయంత్రం దాకా వెన్న కోసం చూశాం! పండగకని కొట్లన్నీ మూసేశారు. పిండి ఉంది, ఈస్ట్ ఎక్కడ చచ్చిందో తెలీదు. ఎయ్‌విన్ ఉన్ని సాక్సులు ఎక్కడ పెట్టావు?”

“నాకేం తెలుసు? నేను అక్కడికి రాలేదు.”

“ఏంటీ?”

“పుస్తకం చూసుకో” అని పెట్టేసింది.

శుక్రవారం మధ్యాహ్నం తిరిగొచ్చారు. మెట్ల మీదనే తీరిల్ గొంతు వినిపించింది. లోపలికి వస్తూనే టోపీ కూడా తీయకుండా ఆమె నడుముని చుట్టేసింది. “అమ్మా! నీ పేరు రాశాను! పుస్తకంలో! పూర్తి పేరు!”

“ఏమని రాశావు?”

పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని అప్పజెప్పింది. “ఇంగ్విల్డ్ వెళ్ళిపోయింది. రొట్టె లేదు. రెండు రోజులు ముందుగా తిరిగి వెళ్తున్నాం. తాతయ్య చెప్పాడు, నేను రాశాను. ఒక్క కొట్టివేత కూడా లేదు. బాగుందా?”

“బాగా రాశావు.”

ఓస్మున్ గుమ్మంలోనే నిలబడ్డాడు, బూట్లు విప్పకుండా. “ఇన్నేళ్ళలో ఇలాంటిది ఎరగనమ్మాయ్ మా ఇంట్లో.”

“ఎరుగుదురు మామయ్యా. ఇదివరకు ఒకసారి మీరే రాశారు, నాలుగో పుస్తకంలో.”

ముసలాయనకి ఏదో గుర్తుకొచ్చింది. గోడ పట్టుకుని కూర్చుని, వంగి బూటు లేసులు వెతుక్కున్నాడు. కళ్ళు సరిగా కనబడక ముడి చిక్కలేదు. ఆమె వెళ్ళి విప్పలేదు.

పిల్లలు స్నానాలకి వెళ్ళాక హల్వర్ వంటింట్లో తలుపు దగ్గర నిలబడ్డాడు. “పిల్లలకి రెండు రోజులు బిస్కెట్లు పెట్టాను, తెలుసా? మనం దీని గురించి మాట్లాడుకోవాలి ఇంగ్విల్డ్.”

“రాశారుగా. చదువుకో.”

ఆ తర్వాత అతను చాలాసార్లు కదిపాడు. మొదట కోపంగా, తర్వాత బతిమాలుతూ, తర్వాత చుట్టాలముందు హాస్యంగా. పెద్దయ్యాక తీరిల్ కూడా అడిగింది, ఆ రోజు నీకు నా మీద కోపం వచ్చిందా అని. ఏటా ఈస్టరుకి సంచులు సర్దేటప్పుడు హల్వర్ నువ్వొస్తున్నావా అని అడుగుతాడు. ఇంగ్విల్డ్ మళ్ళీ ఆ కొండ ఎక్కలేదు, ఎవరికీ జవాబూ చెప్పలేదు. ఇక చెప్పదు.