సదయ్య ఇంటి దూలం

నిర్మల్‌లో కొయ్యబొమ్మల తయారీ చూడాలని యమునకు ఎన్నాళ్ల నుంచో కోరిక. ఆమె తండ్రి రాయమల్లు గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. భూమిలోపల పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని ముప్పై రెండేళ్లు చేశాడు. రిటైరయ్యాక ఎవరింటికి వెళ్లినా ముందు పైకే చూస్తున్నాడు. బాపుకు మతి చెదురుతోందేమోనని యమునకు లోలోపల గుబులు. కాస్త మనసు మళ్లుతుందని ఆయన్నీ వెంటబెట్టుకొచ్చింది.

చెరువుకట్ట దిగగానే బొమ్మలు చేయించే సదయ్య పెంకుటిల్లు. లోపల ఆరుగురు ఆడవాళ్లు బొమ్మలకు రంగులద్దుతున్నారు. యమున ఒక చిలుకను చేతిలోకి తీసుకుంది. పొనికికర్రతో చేసిందట, బరువే లేదు. తండ్రికి చూపిద్దామని తిరిగితే ఆయన గడపలోనే ఆగిపోయి ఉన్నాడు.

“లోపలికి రా బాపు.”

“నువ్వే బయటికి రా బిడ్డా. అందర్నీ రమ్మను.”

అందరూ తలెత్తారు. యమునకు చెవులు వేడెక్కాయి. “ఏమనుకోకు కాక,” అంది సదయ్యతో. “బాయిల పనిజేసిండు. గట్లనే అంటడు.”

రాయమల్లు మూలనున్న వెదురుబొంగు తీసుకుని నడిమి దూలాన్ని మెల్లగా తట్టాడు. మధ్యలో గట్టిగా మోగింది. గోడలోకి దిగిన చోట మాత్రం తడిసిన అట్టపెట్టెను తట్టినట్టు వినిపించింది. సన్నటి మట్టి రాలి రంగుగిన్నెలో పడింది.

“మా తాత ఎక్కిచ్చిన టేకు దూలమది,” అన్నాడు సదయ్య, కొంచెం బిగుసుకుని. “ఏం గాదు.”

“కోపానికి రాకు తమ్మీ. నువ్వే ఎక్కి చూడు. అందాక వీళ్లు బయట కూసుంటే ఏం పోతది?”

యమున తండ్రి చెయ్యి పట్టుకుని లాగబోయింది. ఆ చెయ్యి వణుకుతోంది. బాయిలో నుంచి వచ్చినప్పుడు కూడా ఆ చెయ్యి వణకగా ఆమె చూడలేదు. చిలుకను కింద పెట్టి, “జర లేవుండ్రి అక్కా, బయటికి పోదాం,” అంది ఆడవాళ్లతో.

సదయ్య నిచ్చెన ఎక్కాడు. గోడ పక్కన దూలాన్ని బొటనవేలితో నొక్కాడు. వేలు కణుపు దాకా దిగిపోయింది. లోపలంతా చెదలు. ఆయన దిగి, బయటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

సాయంత్రం దాకా రాయమల్లు అక్కడే ఉన్నాడు. రెండు గుంజలు కోయించి, దూలం కింద నిలబెట్టి, సందుల్లో చెక్కముక్కలు కొట్టి బిగించాడు. కొత్త దూలం ఎక్కించేదాకా ఎవర్నీ లోపల కూర్చోబెట్టొద్దని సదయ్యకు రెండుసార్లు చెప్పాడు.

తిరుగు బస్సులో యమున అడిగింది. “బాయిల గూడ గిట్లనే భయమయ్యేదా బాపు?”

“రోజూ అయ్యేది.”

“మాకెన్నడు చెప్పకపోతివి.”

“చెప్తే మీ అవ్వ నన్ను డ్యూటీకి పోనిస్తుండెనా?”

మంచిర్యాల వచ్చేదాకా యమున ఆయన చెయ్యి పట్టుకునే కూర్చుంది.