మోంఘీ ఫయి బాకీపడ్డ పాట

దుర్లభ్‌రామ్ పండ్యా పుస్తకంలో ఆఖరి అధ్యాయం ఒక్కటే మిగిలిపోయింది. కాఠియావాడ్ ఊళ్ళన్నీ కాళ్ళరిగేలా తిరిగి ఏరిన ఆడవాళ్ళ పాటలవి. తిరగలి పాటలు, సీమంతం పాటలు, పెళ్ళి పాటలు అన్నీ భావ్‌నగర్‌లో అచ్చుకు వెళ్ళిపోయాయి. చావు పాటల దగ్గర పని ఆగిపోయింది. శీర్షిక రాసి ఉంది, కింద ఒక్క చరణం లేదు.

ఆ చరణాలు ఎందుకు లేవో శిహోర్ ఊళ్ళో అందరికీ తెలుసు. వాటిని లేకుండా చేసింది ఆయనే.

ఆయన కాలేజీ చదువు ముగించి వచ్చిన ఏడాదే ప్లేగులో పెద్దన్న పోయాడు. అక్క మోంఘీ వీధి మొదట్నుంచీ గుండె బాదుకుంటూ, "వీరా, ఓ నా వీరా" అని అన్నను పిలుస్తూ పాట కట్టుకుంటూ వచ్చింది. వెనకే వీధిలో ఆడవాళ్ళంతా అందుకున్నారు. దివాను గారింటికి వచ్చిన పట్నం వాళ్ళు మేడమీంచి చూసి నవ్వారు. కుర్ర దుర్లభ్‌కు తల కొట్టేసినట్టయింది. అదే పాట బాణీ తీసుకొని, ఏడ్చే ఆడవాళ్ళ మీద ఎగతాళి పద్యం రాశాడు.

*బజారులో బోర బాదుకునే భామల్లారా,*
*పోయినవాడు లేచొచ్చి తలుపు కొడతాడా?*

ఆ పద్యంతోనే ఆయన కవి అయ్యాడు. అది బడి పుస్తకాల్లోకి ఎక్కింది. కుల సంఘం సమావేశమై వీధి ఏడుపు మాన్పించింది. పిల్లలు మోంఘీ వెంటపడి ఆ పద్యం పాడేవాళ్ళు. తర్వాత ఆవిడ ఒక్కగానొక్క కొడుకు చంపక్ జ్వరంతో పోతే, ఆవిడ నోట్లో కొంగు కుక్కుకొని కూర్చుంది. అప్పుడు కూడా పాడలేదు.

దుర్లభ్‌రామ్‌కు పాటల విలువ తెలిసేటప్పటికి తల నెరిసింది. ఊరూరా ముసలమ్మల్ని అడిగాడు. కొందరు చచ్చిపోయారు, కొందరు మర్చిపోయారు. అన్నదమ్ముల కోసం ఆడపడుచు పాడే ఆ పాట మొత్తం వచ్చినది మోంఘీ ఒక్కతే అని అందరూ చెప్పారు.

రాఖీ పండగనాడు మోంఘీ వచ్చేసరికి ఆయన మంచంలో దిండ్లకు ఆనుకొని ఉన్నాడు. భర్త పోయి పుట్టింటికి చేరిన కూతురు జసుమతి ఆయన చేతిరాతలన్నీ చూస్తుంది, బడిలో పాఠాలు చెబుతుంది. మేనత్తను చూసి లేచింది.

"రా ఫయీ, కూర్చో."

"వీడింకా ఉన్నాడా?" అంది మోంఘీ, చేతికర్ర గోడకు ఆనించి.

"ముందే పోతే రాఖీ ఎవరికి కడతావని ఆగాను బెన్," అన్నాడాయన అక్కతో, ఆయాసపడుతూ.

"అబ్బో, నామీద ఎంత దయ!"

ఆవిడ దారం కట్టింది, బెల్లం సుఖడీ ముక్క నోట్లో పెట్టింది. ఆయన మింగలేక చాలాసేపు నమిలాడు. తర్వాత ఆవిడ చెయ్యి వదల్లేదు.

"బెన్, ఆ పాట పాడు. జసు రాసుకుంటుంది."

"ఏ పాట?"

"తెలీనట్టు అడక్కు."

"నీ పద్యంలో నక్కల ఊళ అన్నావుగా దాన్ని. నక్కల దగ్గర పాటలెందుకుంటాయిరా?"

"అప్పుడు నాకు బుద్ధి లేదు."

"ఇప్పుడుందా? ఎవరి పేరు పెట్టి పాడను? చచ్చినవాడి పేరు పెట్టకుండా ఆ పాట నడుస్తుందా? నీ పుస్తకాల్లో ఆ మాత్రం రాసిలేదా?"

"నా పేరు పెట్టు."

మోంఘీ చెయ్యి లాక్కుంది. పక్కకు తిరిగి, "థూ, థూ" అంది.

"ఇప్పుడే ఈ చేత్తో నీ ఆయుష్షుకు దారం కట్టాను. అదే చేత్తో గుండె బాదుకోమంటావా? చదివి చదివి మతి పోయింది నీకు."

"ఎలాగూ పోయేవాణ్ణే కదా."

"అయితే పో. పోయాక పాడతాను."

కోపంలో అనేసింది. కంచర వీధి నుంచి ఇత్తడి బిందెల మీద సుత్తుల చప్పుడు వినిపిస్తోంది. దుర్లభ్‌రామ్ మెల్లగా నవ్వాడు.

"మాటేనా?"

"మాటే," అంది మోంఘీ నేల చూస్తూ.

ఆయన కూతురి వైపు తిరిగాడు. "విన్నావుగా జసూ. ఆ రోజు ఏడుస్తూ కూర్చోకు, రాసుకో. పాడింది పాడినట్టే రాయి. దిద్దకు. తర్వాత ఆవిడకే చదివి వినిపించి, ఇంతేనా అని అడుగు."

ఎవరి దగ్గర పాట రాసుకున్నా ఆయన పద్ధతి అదే. జసుమతి సరేనంది. లోపలికి వెళ్ళి పొయ్యి ముందు కూర్చొని కళ్ళు తుడుచుకుంది.

మాఘమాసంలో ఒక పొద్దున ఆయన పోయాడు. సంఘం కార్యదర్శి నటవర్ కాకా తాళాలు, డోలక్‌తో భజన మనుషుల్ని తెచ్చి అరుగు మీద కూర్చోబెట్టాడు. లోపల ఆడవాళ్ళు గొంతెత్తకుండా ముక్కులు చీదుకుంటున్నారు. జసుమతి తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుంది. నడుములో పెన్సిలు గుచ్చుకుంటోంది. దాన్ని అక్కడ దోపుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా తీసేయలేదు.

వీధి మొదట్లో మోంఘీ కనబడింది. కొంగు ముఖం మీదికి లాక్కొని, కర్ర పారేసి నిలబడింది. జసుమతి గబగబా అరుగు దిగింది.

నటవర్ కాకా ఎదురెళ్ళాడు. "మోంఘీబెన్, సంఘం కట్టుబాటు మరిచారా? మీ తమ్ముడు పెట్టించిందే కదా."

"వాడు పెట్టించిందే. వాణ్ణే లేచొచ్చి ఆపమను."

కాకా పక్కకు తప్పుకున్నాడు. మోంఘీ అరచెయ్యి ఎత్తి గుండె మీద కొట్టుకుంది. ఆ చప్పుడుకు తాళాలు ఆగిపోయాయి.

*వీరా, ఓ నా దుర్లభ్ వీరా,*
*నీ గుర్రం జీను ఎవరు విప్పారు వీరా...*

వయసు ముదిరిన గొంతు, అయినా బాణీ చెక్కు చెదరలేదు. వాకిళ్ళలో ముసలమ్మలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. జసుమతి గోడకు కాగితం ఆనించి రాసింది. మోంఘీ మళ్ళీ గుండె బాదుకుంది.

*బజారులో బోర బాదుకునే భామల్లారా...*

జసుమతి పెన్సిలు ఆగింది. మోంఘీ తల విదిలించింది. మళ్ళీ మొదట్నుంచి ఎత్తుకుంది. వీరా వచ్చింది, గుర్రం జీను వచ్చింది. ఆ తర్వాత నోట్లోంచి ఆ పద్యమే వచ్చింది. ఎదురింటి గుమ్మంలో బడిపిల్ల ఒకతె, పాఠంలోదే కదా అని కిసుక్కుమంది. తల్లి దాని చెంప పగలగొట్టింది.

"అది కాదే జసూ," అంది మోంఘీ, ముఖం మీద కొంగు తీసేసి. ఆవిడ కళ్ళల్లో ఏడుపు కన్నా భయం ఎక్కువుంది. "అది కాదు. వేరే ఉంది. లోపలెక్కడో ఉంది. ఉండు, మళ్ళీ ఎత్తుకుంటాను."

ఎత్తుకుంది. మళ్ళీ అదే వచ్చింది. పిల్లలు వెంటపడి పాడిన పాట, కొడుకు శవం ముందు నోరు కట్టేసిన పాట, అసలు పాట ఉండాల్సిన చోటంతా ఆక్రమించుకొని కూర్చుంది. ఇక ఆవిడ ఆగలేదు. వచ్చిందే పాడింది. పోయినవాడు లేచొచ్చి తలుపు కొడతాడా అని గుండె బాదుకుంటూ తమ్ముడి గుమ్మం దాకా వచ్చింది. వెనక ముసలమ్మలు ఇద్దరు "వీరా" అని అందుకున్నారు. జసుమతి రాస్తూనే ఉంది. కళ్ళనీళ్ళు పడి కాగితం చిరిగినచోట పక్కన మళ్ళీ రాసింది.

పన్నెండో రోజు కర్మ ముగిశాక ఆఖరి అధ్యాయం పంపమని అచ్చుకూటం వాళ్ళు కబురు పెట్టారు. నటవర్ కాకా కాగితం చూసి నొచ్చుకున్నాడు.

"ఇదేం పాటమ్మా? మీ బాపా పద్యమే కదా, సగం చెడిపోయింది. ఆ గుర్రం చరణానికి మంచివి నాలుగు కలిపి నువ్వే రాసెయ్. పంతులమ్మవి, నీకదొక లెక్కా? ఆయన పరువు నిలబడుతుంది."

"దిద్దొద్దని చెప్పారు కాకా," అంది జసుమతి.

శీర్షిక కింద శుభ్రంగా ఎత్తిరాసింది. పైన ఎప్పట్లాగే వివరం పెట్టింది. పాడినది మోంఘీ. ఎవరి చావుకంటే, తమ్ముడు దుర్లభ్‌రామ్ చావుకు. తర్వాత కాగితం తీసుకొని ఫయి ఇంటికి వెళ్ళింది. మోంఘీ చాటలో సజ్జలు పోసుకొని కూర్చుంది. చెరగడం లేదు. జసుమతి మొదట్నుంచి చివరిదాకా చదివింది.

"ఇంతేనా ఫయీ?"

మోంఘీ సజ్జల్లోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"ఇంకా ఉండేది," అంది.

జసుమతి పెన్సిలు తీసి అది కూడా రాసుకుంది.