సంచి మోయని సలహా

పోటీకి వెళ్లే రోజు కూడా నాగవేణి పద్నాలుగు దోసెలు పోసింది. అత్తగారికి మెత్తగా రెండు, కూతురు అమలకు కరకరలాడేవి ఐదు, భర్త గిరికి కారం దోసెలు నాలుగు, మిగిలినవి దారిలోకి. చట్నీ రుబ్బి, అత్తగారి మాత్రలు డబ్బాలో సర్ది, మధ్యాహ్నానికి చారు కాచి పెట్టి, అప్పుడు బూట్లు వేసుకుంది. వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు జ్ఞానాంబ ఆ బూట్ల వంక ఎగాదిగా చూసింది. “ఏమే, గడ్డిలో గుండు కొట్టేదానికి చిత్తూరు దాకా పోవల్నా? తిరపతిలో గడ్డి లేదా?” అంది. నాగవేణికి నవ్వొచ్చింది. ఆ మాటలో విషం లేదు, ముసలామె నిజంగానే తెలియక అడుగుతోంది. విషం లేని మాటలకైనా ఇరవై మూడేళ్లు జవాబు చెప్పుకుంటూ వస్తే మనిషికి అలుపొస్తుంది, అది వేరే సంగతి.

ఈ గాల్ఫు ఆమె కోరి తెచ్చుకున్నది కాదు. గిరి ఇంజనీరు. ఏర్పేడు దారిలో తొమ్మిది గుంతల చిన్న మైదానం ఒకటుంటే, పెద్ద ఆఫీసర్లు వస్తారని అందులో చేరాడు. ఆదివారాలు భార్యనూ వెంట తీసుకెళ్లేవాడు, కాఫీ ఫ్లాస్కు పట్టుకోవడానికి. రెండేళ్లు ఆమె వరండాలో కూర్చుంది. అక్కడ గడ్డి కోసే ఓబయ్య చూసి చూసి, ఒకరోజు పాత కర్ర ఒకటి చేతికిచ్చి, “ఊరికే కూసునేదానికి బదులు నాలుగు కొట్టు సూడమ్మా” అన్నాడు. కొట్టింది. బంతి నేరుగా వెళ్లింది. తను పంపిన చోటికే వెళ్లిన వస్తువు ఈ జన్మలో అదొక్కటే అనిపించి, ఇంకో బంతి పెట్టమంది. ఏడాదిన్నరలో గిరిని దాటిపోయింది. గిరి ఆ సంగతి ఒప్పుకోలేదు, కాదనలేదు. “అంతా నేనే నేర్పినా” అని ఊరంతా చెప్పుకున్నాడు. ఇక ఆమె పనిచేసే ఆఫీసులో సూపరింటెండెంటు సుబ్రమణ్యం, “గాల్ఫా మేడం? మా ఇంట్లో ఆడోళ్లకు అంత తీరిక యాడిది?” అని నవ్వి, ఆదివారం ఇంట్లో కూర్చుని ముగించాల్సిన ఫైళ్లు ఆమె బల్ల మీదే పెట్టించాడు.

చిత్తూరు అవతల మామిడితోపుల మధ్య, గుట్ట వాలులో వేసిన పద్దెనిమిది గుంతల మైదానం అది. నాగవేణి ఎన్నడూ అడుగుపెట్టనిది. ఆడవాళ్ల పోటీ, ముప్పై మంది వచ్చారు. తక్కువ దెబ్బల్లో ముగించిన మొదటి ముగ్గురూ వచ్చే నెల ఊటీలో మూడు రోజుల పోటీకి వెళ్తారు. నాగవేణికి ఊటీ కావాలి. ఎంతగా కావాలంటే, ఇంట్లో ఎవరితోనూ ఆ మాట అనలేదు. అంటే దాని మీద కూడా నలుగురు నాలుగు సలహాలు చెబుతారని భయం.

సంచి మోయడానికి కేడీ కావాలా అని నిర్వాహకులు అడిగితే, ఆమె నోరు తెరిచే లోపే గిరి చెయ్యి అడ్డం పెట్టాడు. “ఎందుకు? నేనుండా గదా.”

“అయితే సంచి మీరు మోస్తారా సార్?”

“సంచి మోసేవాణ్ణా నేను? ఊరికే తోడు నడుస్తా” అన్నాడు గిరి, కాస్త నొచ్చుకుని. కర్రల సంచిని చక్రాల బండి మీద నాగవేణే లాక్కుంది. ఆయన గొడుగు పట్టుకుని పక్కన నడిచాడు.

ఆమెకు జోడీగా పడింది కృపారాణి. మిలిటరీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి, రిటైరై చిత్తూరులో స్థిరపడిన మనిషి. ఒకరి దెబ్బలు ఒకరు కాగితం మీద రాసుకోవాలి. కృపారాణి బంతి ఎప్పుడూ మైదానానికి అవతలి అంచున పడేది, ఆమె అటు వెళ్లిపోయేది. ఇవతల నాగవేణి, గిరి. “వేణీ, ఎడమకు కొట్టు, ఆ పక్క చదును.” చదును కాదని ఆమెకు కనిపిస్తూనే ఉంది. అయినా ఎడమకే కొట్టింది. బంతి దొర్లుకుంటూ వంకలోకి దిగింది. ఐదో గుంత దగ్గర “గట్టిగా కొట్టు” అన్నాడు. గట్టిగా కొడితే బంతి పోయి ఇసుకలో పడింది. గిరి చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. పక్కన నిలబడి చెబుతాడు, అంతే. పోపులో ఆవాలు ఎప్పుడు వేయాలో చెబుతాడు. అమల పుట్టేటప్పుడు, నొప్పులతో ఆమె మంచం కమ్మీ పట్టుకుని ఉంటే, “ఊపిరి అట్ల గాదు, ఇట్ల పీల్చు” అని చెప్పాడు. సగం ఆట ముగిసేసరికి నాగవేణి పదకొండో స్థానంలో ఉంది.

తొమ్మిదో గుంత దగ్గర కృపారాణి బంతి ఇటే పడింది. గిరి మాటలు అప్పుడు విన్నది. పదో గుంతకు నడుస్తూ నాగవేణి పక్కకు వచ్చింది.

“ఆయన నీ కేడీనా?”

“కాదక్కా. మా ఆయన.”

“అది తెలస్తానే ఉండాదిలే. ఇంతసేపూ ఇంటి మాటలేమో అనుకున్నా. రూలు చెప్తా విను. సలహా చెప్పే హక్కు సంచి మోసేవాళ్లకే. మొయ్యకుండా చెప్పేదానికి లేదు. నువ్వు అడక్కుండా ఒకసారి చెప్తే నీ తప్పు గాదు. మళ్లా మళ్లా చెప్తా ఉంటే ఆపమని నువ్వు చెప్పాల. చెప్పలేదనుకో, నువ్వే అడిగినట్టు లెక్క. రెండు దెబ్బలు నీకు ఎక్కువ రాస్తా. నేను మొగమాటపడే మనిషిని గాదు.”

చెప్పకపోతే అడిగినట్టే. నాగవేణి ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఆరేళ్ల కిందట ప్రమోషన్ మీద మదనపల్లెకు బదిలీ వచ్చింది. అత్తగారి మోకాళ్లు, అమల చదువు, ఇంకా ఏవేవో ఏకరువు పెట్టి గిరి వద్దని తేల్చాడు. ఆమె అవుననలేదు, కాదనలేదు, వంటింట్లోకి వెళ్లి పప్పు ఎనిపింది. తర్వాత బంధువుల్లో గిరి, “వేణికే ఇష్టం లేదు, నేనేం బలవంతం చేయలా” అంటుంటే పక్కనే నిలబడి విన్నది. ఆయన అబద్ధం చెబుతున్నాడని అన్నేళ్లూ కడుపులో కుళ్లుకుంది. ఇవాళ తెలిసింది, ఆయన అబద్ధం చెప్పలేదు. ఈమె మౌనాన్ని ఆయన లెక్కలో అలా రాసుకున్నాడు. దిద్దాల్సింది తను. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు ఒళ్లు తేలికైంది.

“వేణీ, ఐదో నంబరు కర్ర తియ్. గాలి ఎదురుగా—”

నాగవేణి వెనక్కి తిరిగింది. “ఏమండీ, ఆట అయ్యేదాకా మీరు గమ్మునుండండి.”

గొంతు పెంచలేదు. గిరి తన వెనకాల ఇంకెవరన్నా ఉన్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. గొడుగు ముడుచుకుని పోయి మామిడిచెట్టు నీడలో కూర్చున్నాడు.

ఆ తర్వాతంతా అద్భుతంగా ఆడిందని చెబితే అబద్ధం. పదకొండో గుంతలో బంతిని నేరుగా తోపులోకి కొట్టింది. ఎవరూ ఏమీ అనలేదు. పూత రాలిన నేల మీద బంతి వెతుక్కుంటూ, ఇది పూర్తిగా నా తప్పే అనుకుంది. ఎంత సుఖంగా అనిపించిందో! అక్కడి నుంచి నేలను చూడటం మొదలుపెట్టింది. గడ్డి ఎటు వాలింది, నీళ్లు ఎటు పారిన జాడ ఉంది, జెండా ఎటు ఊగుతోంది. ఈ నేల ఆమెకు కొత్తదే, కానీ అడిగినవన్నీ చెబుతోంది. సాయంత్రం పేర్లు చదివినప్పుడు ఒకే ఒక్క దెబ్బ తేడాతో నాగవేణిది మూడో పేరు. కృపారాణిది రెండోది. “ఊటీలో చలి జాస్తి, స్వెట్టరు తెచ్చుకో” అంది కృపారాణి. అది సలహాయే గానీ, ఆట అయిపోయింది కాబట్టి నాగవేణి సంతోషంగా తలూపింది.

తిరుగుదారిలో కారు పాకాల దాటింది. గిరి గొంతు సవరించుకున్నాడు. “నలుగుర్లో అట్ల అన్నావని నాకేం కోపం లేదులే వేణీ. ఆ నర్సమ్మ చెప్పింది నాకు, రూలంట గదా. రూలు లేకుంటే నువ్వు అట్ల అనే మనిషివి గాదు.”

మంచి మనసుతోనే అన్నాడు. అవునంటే చాలు, ఇద్దరికీ హాయిగా ఉంటుంది, ఇల్లు చేరేసరికి అన్నీ ఎప్పటిలా సర్దుకుంటాయి. నాగవేణి కిటికీ అద్దం దించింది. కాళ్లు పీకుతున్నాయి, మనసు నిండుగా ఉంది. కోపం కోసం వెతికినా దొరకలేదు.

“రూలు నాకు ఈ పొద్దు తెలిసిందండీ” అంది. “అనాలనుకునింది మాత్రం పెండ్లయిన ఏడాదే.”