గోడ బయట తొమ్మిది వేలమంది

మా టీమ్‌ని ఎవరు నాశనం చేశారని అడిగితే ఈ ఊళ్ళో నిన్న మాటలు నేర్చిన పిల్లాడు కూడా "అల్లుడు" అంటాడు. ఎవరి అల్లుడని ఎదురడిగేవాళ్ళుండరు. టీమ్ యజమానిని మేం పెద్దాయన అంటాం. ఆయన కూతుర్ని చేసుకున్న పుణ్యానికి ఈయన చేతికి ఒక ఫుట్‌బాల్ టీమ్ వచ్చి పడింది. బంతి గుండ్రంగా ఉంటుందన్న ఒక్క సంగతి తప్ప ఈయనకి ఆట గురించి ఏమీ తెలియదు. అత్త సొమ్ము అల్లుడు దానం అని ఊరికే అన్నారా?

ఏం చేశాడో చెప్తాను, మీరే వినండి. మా గోల్‌కీపర్‌ని అందరం గొళ్ళెం అని పిలిచేవాళ్ళం. పదకొండేళ్ళు మా గోల్ కాపాడాడు. సీజన్ సగంలో అతన్ని తీసుకెళ్ళి, నెల తిరక్కుండా మేం ఆడబోయే టీమ్‌కే అమ్మాడు. ఆ మ్యాచ్‌లో మావాళ్ళు కొట్టిన ఏడు షాట్లు ఆపి, ఆట అయ్యాక మా స్టాండ్ వైపు చూడలేక గొళ్ళెం తల వంచుకుని వెళ్ళిపోయాడు. అతని బదులు వచ్చినవాడు చేతులకి నూనె రాసుకుని దిగుతాడని మా అనుమానం. తర్వాత ఒక పెద్ద పేరున్న ఫార్వర్డ్‌ని కొన్నారు. ఓపెన్ జీపెక్కించి గ్రౌండ్ చుట్టూ తిప్పారు. జీపెందుకా అనుకున్నాం. మోకాలు పనిచెయ్యదు కాబట్టి. ఏడాదిలో నలుగురు కోచ్‌లు మారారు. నాలుగోవాడి పేరు మాకు నోరు తిరిగేలోపే అతనూ వెళ్ళిపోయాడు.

ఇవన్నీ మైకులో చదివి జనానికి చెప్పాల్సిన ఖర్మ మా బావది. బావంటే మా అక్క మొగుడు. మామూలు రోజుల్లో ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి రాసుకునే ఉద్యోగం. మ్యాచ్ రోజున మాత్రం స్టేడియంలో అనౌన్సర్. ఇరవై ఆరేళ్ళుగా ఆ గాజు గదిలో ఆ కుర్చీ ఆయనదే. మావాళ్ళు గోల్ కొడితే ఆటగాడి పేరు పట్టుకుని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసేవాడు. ఇంట్లో మనిషి ఉన్నాడో లేడో తెలియదు. "ఇక్కడ దాచుకున్న గొంతంతా అక్కడ ఖర్చు పెట్టుకుంటాడు" అంటుంది అక్క.

పోయినేడు అల్లుడు ఆయన్ని తీసేసి రికార్డు చేసిన గొంతు పెట్టాడు. ఒకే ఒక్క మ్యాచ్. ఆ గొంతు వినిపించినప్పుడల్లా నాలుగు స్టాండ్లూ కలిసి ఈలలు వేస్తే రిఫరీ విజిల్ ఎవరికీ వినపడలేదు. మరుసటి వారం బావని పిలిపించక తప్పింది కాదు. అంటే ఆ కుర్చీలో బావ ఉన్నది జనం అభిమానం వల్లే. అది పోయిన రోజున ఆయన్ని ఉంచమనేవాడు లేడు. ఈ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

నాది పరుపుల షాపు. అభిమానుల సంఘానికి అధ్యక్షుణ్ణి కూడా. నా గొప్పేం లేదు, మీటింగ్ పెడితే కూర్చోడానికి మెత్తగా చోటున్నది నా ఒక్కడి దగ్గరే. ఆ నెలలో పెద్దాయన పేపరువాళ్ళతో ఒక మాటన్నాడు: "ఏ మ్యాచ్‌కైనా హాజరు అయిదు వేల లోపుకి పడితే మా అల్లుణ్ణి నేనే ఇంటికి పంపేస్తాను." ఆ ముక్క కత్తిరించి షాపు గోడకి అంటించాం. ఆ సాయంత్రమే నలభైమంది వచ్చి పరుపులమీద వరసగా కూర్చున్నారు. వచ్చే ఆదివారం మ్యాచ్‌కి ఒక్క పురుగు కూడా లోపలికి వెళ్ళకూడదని తీర్మానం. అందరూ బయటే, తూర్పు గోడ పక్క ఖాళీ స్థలంలో నిలబడాలి.

ఇక్కడే పీటముడి పడింది. మా తూర్పు స్టాండ్‌లో ఒక పద్ధతుంది. ప్రతి మ్యాచ్‌కీ టికెట్ కొన్నంతకాలం ఆ సీటు నంబరు నీదే. ఒక్క మ్యాచ్ కొనకపోతే ఆ నంబరు బయటికి పోతుంది, మళ్ళీ రాదు. అందుకే జ్వరమొచ్చినా, పెళ్ళి ముహూర్తమున్నా మావాళ్ళు టికెట్ కొంటారు. పద్నాలుగో వరస, ఇరవై రెండు నాది. అంతకుముందు మా నాన్నది.

"కొనకపోతే సీట్లు పోతాయి కదా అధ్యక్షా" అన్నాడు బస్సు డ్రైవరు. అతన్ని హారన్ అంటాం, మెల్లగా మాట్లాడటం రాదు.

"కొందాం" అన్నాను. "కొని లోపలికి వెళ్ళొద్దు. సీటుకి సీటూ ఉంటుంది, స్టాండుకి స్టాండూ ఖాళీగా ఉంటుంది."

పరుపులమీంచి లేచి చప్పట్లు కొట్టారు. లెక్కల టీచరు ఒక్కావిడే కొట్టలేదు. "హాజరు లెక్క ఎలా తీస్తారు?" అని అడిగింది.

"తలలు లెక్కపెడతారు టీచరుగారూ, ఇంకెలా తీస్తారు? కాళ్ళు లెక్కపెట్టి రెండుతో భాగిస్తారా?" అన్నాను. అందరూ నవ్వారు.

గురువారం పొద్దున్న బావ షాపుకొచ్చాడు. నేను దబ్బనం పట్టుకుని పరుపు అంచు కుడుతున్నాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"బామ్మర్దీ, కోప్పడకుండా విను. పోయిన వేసవిలో ఆ ఇనప తిరుగుడు గేట్లు పీకేశారా, అప్పట్నించీ లోపలికొచ్చినవాళ్ళని ఎవరూ లెక్కపెట్టట్లేదు. అమ్ముడైన టికెట్లే హాజరు. ఆ కాగితమే నాకిస్తారు, నేను చదువుతాను. మీరు కొన్నారంటే వచ్చినట్టే."

"నిన్నెవరు పంపారు?"

"ఎవరు పంపుతారు? ఇక్కడికొస్తున్నట్టు మీ అక్కకి కూడా చెప్పలేదు."

"అల్లుడు పంపాడు. మేం కొనకపోతే తూర్పు స్టాండంతా చేతికొస్తుంది, ఏసీ గదులు కట్టి అమ్ముకుంటాడు. నీ కుర్చీ కోసం మా సీట్లకి ఎసరు పెడుతున్నావా బావా?"

బావ నా చేతిలో దబ్బనం తీసి పక్కన పెట్టాడు. "మామయ్య కూర్చున్న సీటని నీ బాధ. అది నాకు తెలీదా? పోతే పోనీరా. సీటు పోతే అల్లుడు కూడా పోతాడు."

"ఆ మాట ముందు నువ్వు చేసి చూపించు. ఆదివారం మైకు వదిలేసి వచ్చి మాతో నిలబడు."

"అది మాత్రం అడక్కురా."

"చూశావా మరి" అన్నాను. బావ వెళ్ళిపోయాడు. నిజం చెప్పాలంటే ఆయన చెప్పింది అబద్ధమని నాకు అప్పుడు కూడా అనిపించలేదు. నిజమైతే సీటు వదులుకోవాలి. అందుకని అబద్ధమే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి తూర్పు గోడ పక్కన ఇసకేస్తే రాలనంత జనం. ఈ ఏడాదంతా మొహం చూపించనివాళ్ళు కూడా నిరసన అనగానే టికెట్ కొనుక్కుని మరీ వచ్చారు. నా కడుపు నిండిపోయింది. హారన్ గేటు సందులోంచి తొంగి చూసి, "లోపల మూడొందలమంది కూడా లేరు, పావురాలే ఎక్కువున్నాయి" అని ఊరంతా వినపడేలా చెప్పాడు.

ఆట మొదలైంది. మాకు వినిపించేది బావ గొంతొక్కటే. ఇరవయ్యో నిమిషంలో మావాళ్ళు గోల్ కొట్టారు. మా వింగర్ పేరు ఆయన ఎప్పటిలాగే సాగదీశాడు, ఖాళీ స్టాండ్లకి తగిలి అది రెండుసార్లు వినిపించింది. గోడ బయట వేల చేతులు పైకి లేచి, సిగ్గుపడి కిందికి దిగాయి. నా పక్కనున్న ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. మూడు నెలల తర్వాత సొంత గ్రౌండ్‌లో కొట్టిన మొదటి గోల్ అది. అదీ చూడలేదు. అల్లుడి మీద నాకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు.

ప్రతి మ్యాచ్‌కీ ఆఖరి పావుగంటలో హాజరు చదువుతారు. దానికోసమే అందరం చెవులు రిక్కించి ఉన్నాం. మైకు ఆన్ అయిన చప్పుడొచ్చింది. కాగితం కదిలిన చప్పుడొచ్చింది. అప్పుడు బావ చదివాడు.

"ఈ రోజు మ్యాచ్‌కి హాజరు, తొమ్మిది వేల మూడు వందల పన్నెండు. ఈ సీజన్‌లో ఇదే అత్యధికం. అందరికీ ధన్యవాదాలు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. నాలుగడుగుల దూరంలో లెక్కల టీచరు సంచిలోంచి తన టికెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆవిడకి అర్థమైపోయింది. ఇంకో నిమిషమైతే ఇంకో పదిమందికి అర్థమౌతుంది. ఆ పైన వేలమంది నా వైపు తిరుగుతారు.

"అబద్ధం" అన్నాను, గట్టిగా. "అల్లుడు రాసిచ్చిన అబద్ధం చదివాడు. కుర్చీ కోసం. మా బావే, నేనే చెప్తున్నాను."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. చాలా సులువుగా వచ్చింది. సొంత బామ్మర్దే అంటున్నాడంటే నమ్మనివాడెవడు? జనమంతా సిబ్బంది గేటు వైపు కదిలారు.

ఆట ఎవరు గెలిచారో కూడా ఎవరూ పట్టించుకోలేదు. అరగంటకి బావ కళ్ళజోడు పెట్టె చేతిలో పట్టుకుని బయటికొచ్చాడు. ఇరవై ఆరేళ్ళూ ఆ గేటు దగ్గర ఆయనతో చేతులు కలిపినవాళ్ళే అందరూ. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం" అన్నాడొకడు. "ఎంతకి అమ్ముడుపోయావయ్యా" అన్నాడింకొకడు. హారన్ తన టికెట్ ఉండచుట్టి మొహాన కొట్టాడు. ఆ తర్వాత అందరూ అదే పని. చింపని టికెట్లు, లోపలికెళ్ళని టికెట్లు, వాన కురిసినట్టు ఆయన మీద పడ్డాయి.

బావ నన్ను చూశాడు. నేను ఒక్క మాట చెప్తానేమోనని చూశాడు. చొక్కా కాలర్‌లో చిక్కుకున్న టికెట్ ఉండ తీసి, విప్పి, సాపు చేసి, నా దగ్గరికొచ్చి చేతిలో పెట్టాడు.

"ఇదీ ఆ లెక్కలోదే బామ్మర్దీ" అన్నాడు, నాకొక్కడికే వినపడేలా. మైకులో అంత గొంతున్న మనిషి. అక్కడ ఒక్కసారి ఆ గొంతెత్తి జరిగింది చెప్పుంటే నా పరువు గోదాట్లో కలిసేది. చెప్పలేదు. జనంలోంచి దారి చేసుకుని నడిచి వెళ్ళిపోయాడు.

అందరూ చెదిరిపోయాక లెక్కల టీచరు వచ్చింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"చెప్తే సంఘం ముక్కలైపోతుంది టీచరుగారూ. మీ సీటు, నా సీటు, అన్నీ ఎవడిక్కావాలంటే వాడికి పోతాయి."

ఆవిడ నా మొహం చూసింది, నేల చూసింది. సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు. పన్నెండో వరసలో ఆవిడకీ ఒక సీటుంది మరి.

మర్నాడు పేపర్లో పెద్దాయన మాటలు వేశారు. జనం మా అల్లుడి వెనకే ఉన్నారని నిన్నటి హాజరే చెప్పిందట. ఇంకో అయిదేళ్ళు అతనే చూసుకుంటాడట. చేతులారా చేసుకున్నాం. రెండు రోజుల తర్వాత అక్క ఫోన్ చేసింది. "మీ బావ అడిగినా ఏం చెప్పట్లేదురా. మీటర్లు చూడ్డానికి పోతున్నాడు, వస్తున్నాడు, గోడకేసి తిరిగి పడుకుంటున్నాడు. నువ్వు అక్కడే ఉన్నావు కదా, ఏం జరిగిందిరా?"

"ఏం లేదక్కా. జనం కోపంలో ఉన్నారు, నాలుగు మాటలన్నారు. సర్దుకుంటుంది."

"నువ్వున్నావు కదా, నాకదే ధైర్యం" అంది మా పిచ్చి అక్క. ఇవాళ కాదు రేపు, బావ దగ్గరికెళ్ళి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. రేపు రేపనుకుంటూనే రెండు వారాలు గడిచాయి.

మళ్ళీ సొంత గ్రౌండ్‌లో మ్యాచ్. పద్నాలుగో వరస, ఇరవై రెండు. సీటు ఎక్కడికీ పోలేదు. ఇరవై మూడులో హారన్, ఎదురుగా రెండు వరసల కింద టీచరు. వీఐపీ బాక్సులో అల్లుడు కాలుమీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆట మొదలయ్యే ముందు స్పీకర్లలోంచి రికార్డు చేసిన గొంతొచ్చింది, పోయినేడు మేం ఈలలు వేసి తరిమేసిన అదే గొంతు. ఇకపై ఈ స్టేడియంలో ప్రకటనలన్నీ ఆ గొంతులోనే ఉంటాయట, పాత అనౌన్సర్‌ని విధుల నుంచి తప్పించారట.

ఈల కోసం నేను ఎదురుచూశాను. ఒక్కడు వేసినా చాలు, వెనక నేనూ వేద్దామనుకున్నాను. ఒక్కరూ వెయ్యలేదు. ముందు పడమటి స్టాండ్ లేచింది, తర్వాత మాది. అందరూ నిలబడి చప్పట్లు కొడుతున్నారు. హారన్ నా భుజం పట్టుకుని ఊపేశాడు.

"అధ్యక్షా, అల్లుడు కాకపోతే పీడాపోయె, ఒకణ్ణైనా ఇంటికి పంపాం."

చుట్టుపక్కల వరసలవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. టీచరు కూడా వెనక్కి తిరిగింది. లేచి నిలబడి నేనూ చప్పట్లు కొట్టాను.