విమానానికి గొడుగు

ఆగిరిపల్లి దగ్గర దశరథరామయ్యకు పెద్ద మామిడితోట ఉండేది. బెజవాడలో నూనె మిల్లు కూడా ఉండేది గాని ఆయన మనసు ఆ రెండింటి మీదా లేదు. హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకుని వచ్చాడు. ఎనభై ఆరులో ఇద్దరు కూర్చునే చిన్న విమానాన్ని విదేశాల నుంచి విడిభాగాలుగా తెప్పించి, తోట పక్కనున్న బీడు చదును చేయించి, అక్కడే ఒక రేకుల షెడ్డులో బిగించుకున్నాడు.

బీడు చదును చేసింది రాయప్ప ముఠా. రాయప్ప ఆ తోటలో మేస్త్రీ. కోతకు మనుషుల్ని తెచ్చేదీ, కాయను లారీకి ఎత్తించేదీ అతనే. అతని భార్య దయామణి తాటాకు పందిరి కింద కూర్చుని, చెల్లెలు లేయాతోను మిగతా ఆడవాళ్ళతోను కలిసి కాయలు ఏరి, వరిగడ్డి పరిచిన గంపల్లో సర్దేది. ఆమె నోటికి అందరూ భయపడేవాళ్ళు. ఆమె ఒక్కరోజు పనిలోకి రాకపోతే మాత్రం పందిరి కింద పొద్దు గడిచేది కాదు.

మొదటి ఏడాది దశరథరామయ్య చాలా జాగ్రత్తగా ఉండేవాడు. తెల్లవారుజామున, గాలి లేనప్పుడే ఎగిరేవాడు. ఆకు కదిలితే షెడ్డు తలుపు తీసేవాడు కాదు. ఆయన భార్య హైమవతి విమానం దగ్గరికే వచ్చేది కాదు. "మీరు పైన ఉన్నంతసేపూ నాకు మంచినీళ్ళు కూడా దిగవండీ" అనేది.

మరుసటి ఏడు మాఘమాసంలో ఇంకో పెట్టె వచ్చింది. దాన్ని విమానానికి బిగించాక దశరథరామయ్య కూలీలందరినీ పిలిచి చూపించాడు.

"ఇది పారాచూట్. మనిషికి కట్టేది కాదు, మొత్తం విమానానికే గొడుగు. ఇంజను ఆగినా, రెక్క విరిగినా ఈ ఎర్ర పిడి లాగితే చాలు. చిన్న రాకెట్టు పేలి గుడ్డను బయటికి లాగుతుంది. మనుషులతో సహా విమానం మెల్లగా కిందికి దిగుతుంది."

"ఎక్కడ దిగిద్దండీ?" అంది దయామణి.

"గాలి ఎటు తీసుకెళ్తే అటు."

"మరి చుక్కాని లేదాండీ?"

"గొడుగు విచ్చుకున్నాక ఇంక నడిపేదేం ఉండదు. కూర్చోవడమే."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

ఆ తరవాత ఆయన మారిపోయాడు. మిట్టమధ్యాహ్నం కూడా ఎగిరేవాడు. చుట్టాలొస్తే తోట మీదుగా చక్కర్లు కొట్టేవాడు. ఒకసారి చెట్లు ఊగిపోతుంటే షెడ్డు తలుపు తీయించాడు.

"గాలి బాగా ఉందండీ బాబుగారూ" అన్నాడు రాయప్ప.

"గొడుగుంది కదా రాయప్పా" అన్నాడు దశరథరామయ్య.

హైమవతికి ధైర్యం వచ్చింది కూడా ఆ గొడుగును చూసే. రోహిణి కార్తెలో ఒకరోజు, బంగినపల్లి కోత ముమ్మరంగా సాగుతుండగా, ఆమె మొదటిసారి విమానం ఎక్కింది. పడమటి గాలి అప్పుడప్పుడే లేస్తోంది. లారీ దగ్గరున్న రాయప్ప తలెత్తి చూస్తున్నాడు. తోట దాటి పడమరగా పోతున్న విమానం చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది.

అయినా అది రాయిలా పడిపోలేదు. గద్దలాగా సాఫీగా దిగుతూ, కోసేసిన వరిచేల వైపు ముక్కు తిప్పింది. కనుచూపు మేర చేలన్నీ ఖాళీ. మేకలు కూడా లేవు. 'దింపేస్తున్నాడు' అనుకున్నాడు రాయప్ప. అంతలో టపామని చప్పుడైంది. తెల్లటి గుడ్డ విచ్చుకుంది. ముందుకు పోతున్న విమానం ఎవరో జుట్టు పట్టుకుని ఆపినట్టు ఆగి, వేలాడుతూ గాలికి వెనక్కి, తోట మీదికి రావడం మొదలుపెట్టింది.

రాయప్ప పరిగెత్తాడు. "బయటికి రండే! అందరూ బయటికి రండి!" అని అరుస్తూనే పరిగెత్తాడు. పందిరి కింద ఉన్నవాళ్ళకు ఆకాశం కనబడదు. ఆ చప్పుడుకు లారీ టైరు పేలిందనుకున్నారట. అంచున కూర్చున్న లేయా, మరికొందరు బయటపడ్డారు. దయామణి లోపలి వరసలో ఉంది. లేచింది గాని, ముందున్న కాయల రాశి మీద కాలు జారింది.

విమానం పందిరి మీద దిగింది.

దశరథరామయ్యకు ఏమీ కాలేదు. హైమవతికి నుదుటి మీద చిన్న గీత. దయామణిని కాయలు దించేసిన లారీలోనే నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ మావల్ల కాదంటే బెజవాడ తీసుకెళ్ళారు. ఆ సాయంత్రమే విలేకరి వచ్చి, మామిడి కొమ్మల మీద పరుచుకున్న తెల్లగుడ్డకు ఫోటో తీసుకున్నాడు. 'దంపతుల ప్రాణాలు కాపాడిన గొడుగు' అని మర్నాడు పత్రికలో పడింది. ఒక కూలీ మహిళకు గాయాలయ్యాయని అడుగున ఒక ముక్క ఉంది. ఆ పత్రిక ఊళ్ళోకి వచ్చేసరికే దయామణి పోయింది. ఆ సంగతి మాత్రం ఏ పత్రికా రాయలేదు.

విచారణకు హైదరాబాదు నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు. దశరథరామయ్య వాళ్ళతో, "ఇంజను ఆగింది. దిగడానికి చోటు కనబడలేదు. గొడుగు నేనే లాగాను" అన్నాడు. రాయప్ప ముఖం మాత్రం చూడలేదు.

"చేలున్నయ్యి కదండీ" అన్నాడు రాయప్ప. "బాబుగారు అటే తిప్పారు కూడా. నేను చూశానండీ."

పెద్ద ఆఫీసరు మంచివాడే. ఓపికగా చెప్పాడు. "చేలంటే గట్లుంటాయయ్యా. చక్రం గట్టుకు తగిలితే పల్టీ కొట్టేది. ఇద్దరూ పోయేవాళ్ళేమో."

"పోకపోనూ వచ్చు కదండీ."

"కావచ్చు. ఎవరు చెప్పగలరు?"

"ఏదేమైనా, మా ఆడది ఉండేది కదండీ" అన్నాడు రాయప్ప.

ఆఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అలా చూడకూడదు" అన్నాడు చివరికి. ఎలా చూడాలో చెప్పలేదు.

తొలకరి పడ్డాక ఒకరోజు హైమవతి ఒక్కతే రాయప్ప ఇంటికి వచ్చింది. పొయ్యి దగ్గర లేయా ఉంది. కుర్చీ వేసినా హైమవతి కూర్చోలేదు.

"ఆ పిడి లాగింది ఆయన కాదు రాయప్పా. నేను."

రాయప్ప తలెత్తి ఆమెను చూశాడు.

"ప్రాణం మీదికొస్తే ఇది లాగు, ఇంకేం భయం లేదని ఆయనే చెప్పారు. అందుకేగా ఎక్కాను. ఇంజను ఆగేసరికి నా చెయ్యి దాని మీదే ఉంది."

"బాబుగారు ఏవన్నారండీ అప్పుడు?"

"చేలో దింపుతాను, భయపడకు అన్నారు. రెండుసార్లు అన్నారు. నాకు వినబడింది. వినబడకపోయినా బాగుండేది." ఆమె గోడకు చెయ్యి ఆనించింది. "బయట చెప్పొద్దంటారు. నీకన్నా చెప్పకపోతే ఉండలేకపోయాను."

పొయ్యి దగ్గర నుంచి లేయా లేచి వచ్చింది. "మీ మనసు తేలికపడిందా అమ్మగారూ?"

హైమవతి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పడితే ఇంక వెళ్ళండి. మీరు దించుకోడానికి మేం ఉన్నాం. మేం ఎవరి దగ్గర దించుకోవాలి?"

"ఊరుకోవే" అన్నాడు రాయప్ప. హైమవతిని వీధిదాకా సాగనంపాడు. ఆమె కారెక్కేదాకా నిలబడ్డాడు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ అతనికి తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడూ, నిద్ర పట్టనప్పుడూ దశరథరామయ్యను తిట్టుకునేవాడు. ఆ మనిషిని కూడా ఆమె పట్టుకుపోయింది. వణికిపోతూ పిడి లాగిన ఆడమనిషిని ఏమని తిట్టుకుంటాడు? పోనీ క్షమించేద్దామంటే, అదీ రావడం లేదు.

"మనుషులు బతకటానికే చేశారంట ఆ గొడుగుని" అన్నాడు లేయాతో. "ఎవురూ చెడ్డోళ్ళు కాదంట. మరి మీ అక్క ఎందుకు పోయిందే?"



మరుసటి వేసవికి దశరథరామయ్య విమానం బాగు చేయించుకున్నాడు. కొత్త గొడుగు తెప్పించాడు. పందిరి తీయించి, అదే చోట సిమెంటు రేకుల షెడ్డు కట్టించి, గుమ్మం మీద దయామణి పేరు రాయించాడు. నూజివీడు పెద్దమనుషులు వచ్చి చూసి, ఆయన మంచితనాన్ని మెచ్చుకున్నారు. హైమవతి మాత్రం మళ్ళీ ఆ తోట ముఖం చూడలేదు.

రాయప్ప ముఠాను వదిలేసి చింతలపూడి వెళ్ళిపోయాడు. అక్కడెవరిదో తోటలో కాపలాకు కుదిరాడని విన్నారు. లేయాకు వేరే పని దొరకలేదు. కాయ ఏరడానికి ఆ షెడ్డులోకే వచ్చేది.

పైన విమానం చప్పుడు వినబడితే చాలు, ఆడవాళ్ళందరూ పని వదిలేసి బయటికొచ్చేవాళ్ళు. అది దాటిపోయేదాకా ఎండలో నిలబడి చూసేవాళ్ళు. లారీకి ఆలస్యమవుతోందని కొత్త మేస్త్రీ కేకలేసేవాడు. ఒక్కరూ కదిలేవాళ్ళు కాదు.