కట్టెకు పట్టిన పాచి

చేపలన్నీ నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటున్నాయి. సింధూజ అద్దాల తొట్టి ముందు కూలబడి ఏడుస్తోంది.

"నేనే మేత ఎక్కువేసిన్నేమో బాపూ."

తప్పు మేతది కాదని పరమేశ్వర్‌కు తెలుసు. పొద్దున బిడ్డ కాలేజీకి పోగానే, తొట్టిలోని అడవి కట్టెకు పట్టిన పచ్చటి పాచి వదలగొడదామని, నూలు తెల్లబరిచే బ్లీచింగ్ నీళ్లలో దాన్ని నానబెట్టాడు. నూలును జాడించినట్టే జాడించి మళ్లీ తొట్టిలో పెట్టాడు. నూలు మందును వదిలేస్తుంది, కట్టె లోపలికి తాగి దాచుకుంటుంది. అది అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు తట్టింది, అయినా నోరు విప్పలేదు. నూలు పనిలో రామన్నపేటలో తనంతటివాడు లేడని చెప్పుకునే మనిషి. ఒక చేప వెల్లకిలా తేలింది. ఇంకొకటి తేలింది. పరువు కోసం వాటిని చావనిచ్చాడు, అంతే.

"కట్టెను బ్లీచింగ్‌ల నానబెట్టిన బిడ్డా," అన్నాడు చివరికి.

సింధూజ గబుక్కున లేచింది. "బోరు నీళ్లు తే, జల్ది. నల్లా నీళ్లొద్దు, దాంట్ల గూడ బ్లీచింగే ఉంటది."

బకెట్లోకి మార్చాక మిగతా చేపలు తేరుకున్నాయి. ఆమె తొట్టిలోని నీటి మొక్కల ఆకుల మీది పాచిని వేళ్లతో మెల్లగా తుడవసాగింది.

"ఆకైనా కట్టైనా ఉత్త నీళ్లల్ల గిట్ల రుద్దితే పోతది. నూలనుకున్నవా?"

పరమేశ్వర్ నవ్వబోయాడు.

"నేను ఏడ్సేటప్పుడే చెప్తే గా రెండు గూడ బతికేటివి," అంది తలెత్తకుండా.

అవునన్నాడు.